చింతాద్రిపేట అడ్వాన్సు



1971లో మా నాన్న నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి, చింతాద్రిపేటలో ఒక పోర్షను చూసుకున్నాడు. ఒక గది, వంటకు ఒక మూల, వెనకాల అయిదు కుటుంబాలకూ కలిపి ఒక బావి. బాడిగ నెలకు 45 రూపాయలు. ఇంటావిడ తమిళురాలు, పెద్ద వయసావిడ. బాడిగ చెప్పాక ఒక్క క్షణం ఆగి, "అడ్వాన్స్ పత్తు మాసం" అందట, పది నెలల బాడిగ అడ్వాన్సు అని.

మా అమ్మకు అప్పటికి తమిళం ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషు అసలే రాదు. అందుకని ఆ రెండు మాటలూ ఆవిడకు ఒకే భాషలాగా వినిపించాయి. చాలాకాలం దాకా మా అమ్మ దృష్టిలో అడ్వాన్సు అనేది అరవ మాట. ఊళ్ళో ఎవరైనా "మద్రాసులో ఎట్లా ఉందమ్మా?" అని అడిగితే, "అక్కడ బాడిగ కాకుండా అడ్వాన్సు అని ఒకటి పుచ్చుకుంటారు" అని చెప్పేది, అదేదో ఆ ఊరి అమ్మవారికి మొక్కుబడి అయినట్టు.

450 రూపాయలు. అమ్మ మెళ్ళో గొలుసు సేటు కొట్లో కుదువకు వెళ్ళింది. ఆ రాత్రి అమ్మ నాన్నను అడిగిందట: "ఏమండీ, ఆ నాలుగు వందల యాభై ఇంక మనవి కావా?" నాన్న కాసేపు ఆలోచించి, "మనవే. కానీ మన దగ్గర ఉండవు" అన్నాడు.

నేను ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు రాసి బతికాను. అడ్వాన్సుకు ఇంతకన్నా మంచి నిర్వచనం ఏ కామర్సు పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఈ పూట ఆ ఒక్క మాట గురించే మీతో ముచ్చటిస్తాను. మనందరం రోజూ వాడే మాటే. అర్థం తెలుసనే అనుకుంటాం. ఇల్లు ఖాళీ చేసే రోజున గానీ, కల్యాణ మండపం రద్దు చేసుకునే రోజున గానీ, తెలిసింది ఎంతో తేలుతుంది.

ముందు మా పేట సంగతి చెప్పాలి. ఎందుకంటే ఆ పేట పుట్టుకలోనే ఈ మాట ఉంది.

1734వ సంవత్సరం. సెయింట్ జార్జి కోటలో గవర్నరు జార్జి మోర్టన్ పిట్. ఈస్టిండియా కంపెనీ వారికి ఇంగ్లండు పంపడానికి గుడ్డ కావాలి. నేతగాళ్ళు ఎక్కడో దూరాన ఊళ్ళలో ఉంటే, వాళ్ళకూ కోటకూ మధ్య వర్తకులు, వాళ్ళ గుమాస్తాలు, దారిలో సుంకాలు. అందుకని నేతగాళ్ళనే తెచ్చి కోట పక్కన కూర్చోబెడదాం అనుకున్నారు. కూవం నది మెలిక తిరిగే చోట ఒక తోట ఉంది. అది సుంకురామ అనే వర్తకుడి తోట. ఒకప్పుడు కంపెనీకి ప్రధాన వర్తకుడు, అప్పటికి ఆ పదవి పోయినవాడు. పేరులోనే తెలుస్తోంది కదా, మనవాడేనని. ఆ తోటలో పేట కట్టారు. నూలు వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, గుడ్డ మీద బొమ్మలు అద్దేవాళ్ళు, ఉతికేవాళ్ళు, గుడిని చూసుకునేవాళ్ళు వచ్చి ఉండాలి, తక్కినవాళ్ళకు చోటు లేదని కట్టుబాటు. తమిళంలో తఱి అంటే మగ్గం. చిన్న తఱిపేట్టై, చిన్న మగ్గాల పేట. అది మన నోళ్ళలో నాని చింతాద్రిపేట అయింది. చింత చెట్టుకూ దీనికీ ఏమీ సంబంధం లేదు. చిన్నప్పుడు నేను మాత్రం ఆ చింతచెట్టు కోసం చాలా వీధులు వెతికాను.

ఇప్పుడు అక్కడికి వెళితే మగ్గం చప్పుడు వినిపించదు. చేపల మార్కెట్టు కేకలు వినిపిస్తాయి. నెత్తి మీద నుంచి, బీచి నుంచి మైలాపూరు మీదుగా పోయే రైలు పోతూ ఉంటుంది. ఆదికేశవ పెరుమాళ్ గుడీ ఆదిపురీశ్వరుడి గుడీ మాత్రం పక్కపక్కనే, అన్నదమ్ముల ఇళ్ళలాగా అట్లాగే ఉన్నాయి.

సరే, మగ్గం దగ్గరికి వద్దాం. నేతగాడికి గుడ్డ నేయాలంటే ముందు నూలు కావాలి. ఆ గుడ్డ మగ్గం మీద నుంచి దిగేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలి. మన నేతలో పుంజం అనే లెక్క ఉంది, 120 పోగులు ఒక పుంజం. పడుగులో పుంజాలు పెరిగేకొద్దీ గుడ్డ సన్నమవుతుంది, నేయడానికి పట్టే రోజులూ పెరుగుతాయి. కంపెనీ వారి లాంగ్‌క్లాతును కూడా పుంజాల లెక్కనే కొనేవారు. మంచి గుడ్డ అడిగినవాడు ముందుగా డబ్బు ఇవ్వక తప్పదు. అప్పటి మద్రాసులో నడిచేవి వరహాలు. వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. ఆ వరహాలను కంపెనీ వర్తకుడికి ఇస్తే, వర్తకుడు నేతగాడికి ఇచ్చేవాడు. కోరమాండల్ తీరం పొడుగునా గుడ్డ వ్యాపారం ఈ ముందు డబ్బు మీదే నడిచింది. చింతాద్రిపేటలోనూ అంతే.

ఇక్కడ నేను కొంచెంసేపు నిలబడతాను. ప్రసన్నన్ పార్థసారథి అనే చరిత్రకారుడు దక్షిణాది నేతగాళ్ళ గురించి 2001లో ఒక పుస్తకం వేశారు. అందులో ఒక సంగతి చదివి నేను కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను. పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్ళలో నేతగాడికి ఒక హక్కు ఉండేదట. పుచ్చుకున్న అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇచ్చేసినా ఒప్పందం రద్దయిపోతుంది. ఇంకొక వర్తకుడు నాలుగు కాసులు ఎక్కువిస్తానంటే, ఇతగాడి డబ్బు ఇతగాడికి పారేసి అటు వెళ్ళిపోవచ్చు. వర్తకుడికి మాత్రం ఆ హక్కు లేదు. ఒకసారి ఇచ్చాక, గుడ్డ ధర పడిపోయింది కదా, నా డబ్బు నాకు ఇచ్చెయ్ అని అడగడానికి వీల్లేదు.

ఈ లెక్క మనకు తలకిందులుగా కనిపిస్తుంది. డబ్బు పుచ్చుకున్నవాడు కట్టుబడి ఉంటాడని కదా మనం అనుకునేది. ఆ రోజుల్లో డబ్బు ఇచ్చినవాడే కట్టుబడ్డాడు. అడ్వాన్సు అనేది మోకు అయితే, దాని ముడి నేతగాడి చేతిలో ఉండేది.

ఆ తర్వాత ఏమయిందో మీకు తెలుసు. కొనేవాడే రాజయ్యాడు. 1760ల తర్వాత కంపెనీ మధ్య వర్తకులను తప్పించి నేతగాళ్ళతో నేరుగా వ్యవహారం పెట్టుకోవడం మొదలుపెట్టింది. డబ్బు తిరిగి ఇచ్చి వెళ్ళిపోయే హక్కు పోయింది. కంపెనీ డబ్బు తీసుకున్నవాడు కంపెనీ గుడ్డ ముగించేదాకా ఇంకొకరికి నేయకూడదు. నేసిన గుడ్డను నమూనా పక్కన పెట్టి చూసి, ఇది సరిపోలేదని పక్కన పడేస్తే, ఆ మేరకు అడ్వాన్సు అప్పుగా మిగిలిపోతుంది. మళ్ళీ నేతకు మళ్ళీ అడ్వాన్సు, దాని మీద పాత బాకీ. గోదావరి మండలంలోనూ విశాఖ వైపూ మన తెలుగు నేతగాళ్ళు ఈ పద్ధతి మీద తిరగబడ్డారు, అర్జీలు పెట్టారు. ఆ కథ వేరే ప్రసంగానికి సరిపోయేంత ఉంది. ఈ పూటకు ఇంతే చెబుతాను: మాట మారలేదు, డబ్బు మారలేదు. ముడి మాత్రం చేయి మారింది.

ఇంతకీ ఈ ఇంగ్లీషు మాట ఎక్కడిది? ఫ్రెంచి నుంచి వచ్చింది. మూలం లాటిన్‌లో "ముందు నుంచి" అని అర్థమిచ్చే మాట. అసలు దాంట్లో డ-కారం లేదు. పదహారో శతాబ్దంలో ఇంగ్లీషు పండితులు దీని మొదట్లో ఉన్నది లాటిన్ ఉపసర్గ కాబోలుననుకుని మధ్యలో ఒక డ-కారం ఇరికించారు. అంటే, ఆ మాటకే ఒక అక్షరం అడ్వాన్సుగా ముట్టింది, ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. మన తెలుగులో "ముందు" అన్నా అంతే, కాలంలో ముందూ అదే, దారిలో ముందూ అదే. అందుకే కాబోలు ఆ మాట మనకు అంత తేలిగ్గా అతుక్కుపోయింది. ఇప్పుడు డిసెంబరు 30న ఫోను చేసి "అడ్వాన్స్ హ్యాపీ న్యూ ఇయర్" అంటున్నాం. ఇంగ్లీషువాడు అట్లా అనడు. అనకపోతే పోనీయండి, వాడికి అవసరం లేకపోయింది.

మా పేట పిల్లలకు అడ్వాన్సు అంటే మొట్టమొదట తెలిసిన అర్థం సినిమా టిక్కెట్టు. మౌంటు రోడ్డు మా పక్కనే. 1914లో బందరు మనిషి రఘుపతి వెంకయ్య నాయుడు గారు కట్టించిన గెయిటీ థియేటరు మాకు నడక దూరంలోనే ఉండేది, ఇప్పుడు లేదు. అడ్వాన్సు బుకింగు కౌంటరు ముందు నిలబడినప్పుడు మాకు అర్థం విషయంలో ఏ అనుమానమూ రాలేదు. డబ్బు ఇస్తాం, టిక్కెట్టు వస్తుంది, జ్వరం వచ్చినా డబ్బు రాదు.

కానీ ఇంటి అడ్వాన్సు వేరు. అక్కడే మనవాళ్ళు దెబ్బ తినేది. పాత కాలం నుంచీ ఈ వ్యవహారాలకు మన భాషలో మాటలు లేకపోలేదు. తెలంగాణలో బయానా, కోస్తాలో బజానా. దస్తావేజుల్లో సంచకారం అని రాసేవారు. తమిళంలో అచ్చారం. సంస్కృతంలో సత్యంకారం అని ఒక మాట ఉంది. ఇచ్చిన మాటను సత్యం చేసేది అని అర్థం. మన సంచకారం ఆ వంశంలోదేనని నిఘంటుకారులు చెబుతారు. ఎంత చక్కని మాట చూడండి. ఎద్దుల సంతలో ఎద్దు పళ్ళు చూసి, బేరం కుదిరాక చేతిలో పెట్టే నూట పదహార్లు సంచకారమే. ఎద్దు ఖరీదులో అది ఎన్నో వంతో ఎవరికీ పట్టదు. నేను వెనక్కు తగ్గను అని చెప్పడానికి పెట్టే డబ్బు అది. తగ్గితే పోతుంది.

అదీ బజానా. మరి అడ్వాన్సు? అడ్వాన్సు అనే ఇంగ్లీషు మాట వచ్చి, వేరువేరుగా ఉన్న మూడు వ్యవహారాలను ఒకే గొడుగు కిందికి తెచ్చేసింది. బేరం ఖాయం చేసే బజానానూ అడ్వాన్సే అంటున్నాం. ఖరీదులో కొంత భాగం ముందుగా చెల్లించినా అడ్వాన్సే. ఇల్లు పాడు చేయకుండా, బాడిగ ఎగ్గొట్టకుండా పూచీగా ఓనరు దగ్గర ఉంచే డబ్బూ అడ్వాన్సే. మూడింటికీ మూడు ధర్మాలు. మొదటిది మాట తప్పితే పోవచ్చు. రెండోది, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఊరికే మింగడానికి లేదు. మూడోది అసలు ఓనరుది కానే కాదు.

మొదటి రెండింటి తేడా మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాళ్ళున్నారు. 2012లో వచ్చిన ఒక తీర్పులో కోర్టు తేల్చి చెప్పింది: కొనేవాడు మాట తప్పితే అమ్మేవాడు జప్తు చేసుకోగలిగేది బజానాను. ఖరీదులో భాగంగా ఇచ్చిన అడ్వాన్సును ఆ పేరుతో జప్తు చేయడం కుదరదు. ఏది ఏదో తెలియాలంటే కాగితంలో ఏం రాసుకున్నారో చూడాలి. కాబట్టి స్థలం కొనేటప్పుడు ఆ కాగితంలో ఏ మాట పడుతోందో మూడుసార్లు చదవండి. నాకు వకాల్తా ఏమీ లేదు, కాగితాలు చదివిన అలవాటు కొద్దీ చెబుతున్నాను. ఫ్లాట్లు కట్టేవాళ్ళ సంగతి వేరు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయించకుండా ఫ్లాటు ఖరీదులో పదో వంతుకు మించి పుచ్చుకోవడానికి వీల్లేదు.

ఇక ఇంటి అడ్వాన్సు. మా నాన్న 450 రూపాయలు ఇచ్చిన రోజుల్లో తమిళనాడులో 1960 నాటి బాడిగల చట్టం అమల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం ఓనరు పుచ్చుకోదగిన అడ్వాన్సు ఎంతో తెలుసా? ఒక నెల బాడిగ. మా విషయంలో 45 రూపాయలు. ఇంటావిడకు ఆ సంగతి తెలుసో లేదో గానీ మా నాన్నకు తెలియదు. తెలిసినా అడిగేవాడు కాదు. అడిగితే ఆ పోర్షను సాయంత్రానికల్లా ఇంకొకరికి పోయేది. తర్వాత 2017లో కొత్త చట్టం చేశారు, 2019లో అమల్లోకి వచ్చింది. అందులో మూడు నెలల బాడిగకు మించి డిపాజిట్టు పుచ్చుకోకూడదని ఉంది. దాని ముందు ఒక చిన్న మాట కూడా ఉంది, "వేరే ఒప్పందం ఉంటే తప్ప" అని. ఆ నాలుగు మాటల సందులోంచి పది నెలల అడ్వాన్సు మొత్తం దర్జాగా లోపలికి నడిచి వస్తుంది. చట్టం ఏం చెప్పినా చెన్నైలో పది నెలలు అనేది చాలాకాలం ఆచారంగా నడిచింది. హైదరాబాదులో రెండు మూడు నెలల అడ్వాన్సుకు అలవాటు పడి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన మన పిల్లలు ఆ అంకె విని, ఓనరు లెక్క తప్పాడేమో అనుకుంటారు.

మా పేటలో ఇంకొక పద్ధతి కూడా ఉంది, లీజు. ఒకేసారి పెద్ద మొత్తం ఓనరు చేతిలో పెడితే ఆ గడువు దాకా బాడిగ లేదు, గడువు తీరాక మొత్తం తిరిగి ఇస్తారు. మన భోగ్యం లాంటిదే. వడ్డీ అతనిది, గది నీది. అక్కడ కూడా జనం ఆ మొత్తాన్ని అడ్వాన్సనే అంటారు, విసుగూ విరామం లేకుండా.

లెక్కల పుస్తకంలో ఈ మాట ఎక్కడ కూర్చుంటుందో చూస్తే సగం అనుమానాలు తీరతాయి. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో మా పెద్ద గుమాస్తా గారు నాతో మొదట రాయించినవి అడ్వాన్సు పద్దులే. మనం ఇచ్చిన అడ్వాన్సు ఆస్తి వైపు రాయాలి. మనం పుచ్చుకున్న అడ్వాన్సు అప్పు వైపు రాయాలి. నేను తప్పుగా, పుచ్చుకున్న అడ్వాన్సును రాబడిలో వేశాను. ఆయన పుస్తకం నా ముందుకు తోసి, "సరుకు పంపావా బాబూ?" అన్నారు. లేదండీ అన్నాను. "మరి రాబడి ఎట్లా అయింది? అది వాడి డబ్బు, నీ పెట్టెలో నిద్రపోతోంది." ఇల్లు బాడిగకు ఇచ్చే ప్రతి పెద్దమనిషి చేతా ఈ పద్దు ఒక్కసారి రాయిస్తే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది. బాడిగకున్నవాడు ఇచ్చిన అడ్వాన్సుతో కూతురి పెళ్ళి చేసి, వాడు ఖాళీ చేస్తానంటే "కొత్తవాడు రానీ, వాడి అడ్వాన్సు తీసుకుని నీది ఇస్తాను" అనే ఓనర్లు ఎంతమంది లేరు! అంటే ఆ ఇంట్లో ఎప్పుడూ ఒక అడ్వాన్సు ఇంకొక అడ్వాన్సును మోస్తూ ఉంటుంది.

పై అంతస్తుల్లో ఈ మాటకు మర్యాద ఇంకా ఎక్కువ. మనం బ్యాంకు దగ్గర తీసుకుంటే అది అప్పు. అదే బ్యాంకు తన లెక్కల్లో రాసుకునేటప్పుడు అడ్వాన్సు. రాష్ట్ర ప్రభుత్వాలకు ఖజానాలో చేయి తడారిపోయి రిజర్వు బ్యాంకు దగ్గర చేబదులు తెచ్చుకుంటే దాన్ని వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సు అంటారు. మన తెలుగు పత్రికల్లో ఆ మాట తరచూ చూస్తాం. సర్కారు ఉద్యోగికి పండగ ముందు ఫెస్టివల్ అడ్వాన్సు, తర్వాత జీతంలో నెలనెలా కోత. ఆదాయప్పన్ను వారైతే మనం ఇంకా పూర్తిగా సంపాదించని ఏడాదికి జూన్ 15 నుంచే అడ్వాన్సు టాక్సు కట్టించుకుంటారు. చేబదులు అనడానికి మొహమాటపడే చోట్లన్నింటా అడ్వాన్సు అనే మాట ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వస్తుంది.

కింది అంతస్తులో ఆ చొక్కా ఉండదు. 1976లో మన పార్లమెంటు వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసింది. అంతకు ముందు ఏడాది అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది. ఆ చట్టంలో నిర్వచనాల సెక్షను తెరిస్తే మొదటి నిర్వచనం ఏ మాటకో తెలుసా? వెట్టికి కాదు, కూలీకి కాదు. అడ్వాన్సుకు. డబ్బుగా గానీ వస్తువుగా గానీ ఒకరు ఇంకొకరికి ముందుగా ఇచ్చేది అని. చట్టం రాసినవాళ్ళకు రోగం ఎక్కడుందో బాగా తెలుసన్న మాట. పాలమూరు నుంచి వలసపోయిన కూలీల ఇళ్ళలో ఈ మాట అర్థం ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. మేస్త్రీ పండగ ముందు వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పాత అప్పుకో, పెళ్ళికో, ఆస్పత్రికో పోతుంది. ఇంటిల్లిపాదీ డ్యాము దగ్గరికో, రోడ్డు పనికో, ఇటుక బట్టీకో పోతారు. అడ్వాన్సు తీరేదాకా రావడానికి లేదు. తీరిందో లేదో చెప్పే పుస్తకం మేస్త్రీ దగ్గర ఉంటుంది. చెన్నై చుట్టుపక్కల ఇటుక బట్టీల్లోనూ ఈ మాటకు ఇదే అర్థం, అక్కడ మాట్లాడే భాష ఏదైనా. 1734 నాటి నేతగాడు డబ్బు వెనక్కు పడేసి లేచి వెళ్ళిపోగలిగాడు. ఇటుక బట్టీలో కూలీకి ఆ వీలు ఉందా లేదా అన్నదే ఆ అడ్వాన్సు జాతిని తేలుస్తుంది.

మన జనం ఈ మాటకు తగిలించిన క్రియలు వినండి. అడ్వాన్సు ఇచ్చాడు, పుచ్చుకున్నాడు, సరే. తర్వాత? అడ్వాన్సు తిన్నాడు. అడ్వాన్సు మింగాడు. అడ్వాన్సులో కోసుకున్నాడు. అడ్వాన్సు తీరలేదు. ఆఖరి నెలల్లో బాడిగ కట్టకుండా మా పేటలో అందరూ అనే తమిళ మాట ఒకటుంది, "అడ్వాన్సుల కళిచ్చుకోంగ". అడ్వాన్సులో తీసివేసుకోండి అని. ఆ మాట వినపడిందంటే ఎవరో సామాను సర్దుతున్నారని వాడంతా తెలిసిపోయేది.

మా అమ్మ దగ్గరికి మళ్ళీ వస్తాను. రెండేళ్ళలో ఆవిడ తమిళం నేర్చుకుంది, తర్వాత ఒక పాత కుట్టుమిషను కొనుక్కుంది. జాకెట్లు కుట్టేది, చీరలకు ఫాల్సు వేసేది. అప్పుడు మొదటిసారిగా అడ్వాన్సు పుచ్చుకునే వైపు కూర్చుంది. పక్క వీధిలో ఒక పెళ్ళివారు పన్నెండు జాకెట్లకు గుడ్డ ఇచ్చి, అడ్వాన్సుగా 60 రూపాయలు చేతిలో పెట్టారు. అమ్మ ఆ డబ్బుతో దారం, హుక్సు, లైనింగు గుడ్డ కొంది. మూడు జాకెట్లు కత్తిరించింది కూడా. వారం తిరక్కుండానే ఆ పెళ్ళి తప్పిపోయింది. పెళ్ళికూతురి తల్లి వచ్చి, ఇంక కుట్టవద్దమ్మా అని మాత్రం చెప్పి, తలెత్తకుండా వెళ్ళిపోయింది. అడ్వాన్సు ఊసే ఎత్తలేదు.

ఆ రాత్రి అమ్మ నా నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపించుకుని లెక్క వేయించింది. దారానికి ఇంత, హుక్సుకు ఇంత, లైనింగుకు ఇంత, కత్తిరించిన మూడింటికి కూలి ఇంత. మొత్తం 19 రూపాయలు. మిగిలినవి 41. నాన్న చూసి, "బజానా ఇచ్చి వద్దనుకున్నది వాళ్ళు కదా, నువ్వెందుకు తిరిగివ్వడం?" అన్నాడు.

"ఇది బజానా కాదు, అడ్వాన్సు" అంది అమ్మ.

మర్నాడు పొద్దున 41 రూపాయలూ, కత్తిరించిన ముక్కలూ, మిగిలిన దారం రీలూ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి ఇచ్చేసి వచ్చింది.

1980లో మేము ఆ పోర్షను ఖాళీ చేశాం. అదే పేటలో ఇంకొంచెం పెద్ద ఇల్లు, బాడిగ 150, అడ్వాన్సు షరా మామూలే, పది నెలలు. నాన్న ప్రావిడెంటు ఫండు మీద కొంత, ఇంకో చోట కొంత సర్దాడు. పాత ఇంటావిడ అప్పటికి బాగా ముసలిదైపోయింది. సున్నానికని పాతిక రూపాయలు కోసుకుంటుందని మేము అనుకున్నాం. ఆవిడ గోడల వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన 450 రూపాయలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ డబ్బు మళ్ళీ మా ఇంటికి వచ్చింది. కొత్త ఓనరుకు ఇవ్వాల్సింది మర్నాడు పొద్దున. అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. రాత్రి రెండుసార్లు లేచి మూత తీసి చూసిందని నాన్న తర్వాత నవ్వుతూ చెప్పేవాడు.

తెల్లవారాక ఆ 450కి నాన్న తెచ్చినవి కలిపి, 1,500 లెక్కపెట్టి కొత్త ఓనరు చేతిలో పెట్టింది. పెట్టి, చేయి అట్లాగే చాపి ఉంచి, "రసీదు" అంది.